మనోవైద్యం నేర్పే గురువు కోసం కొన్ని పెడసరపు సలహాలు

మీ మెడికల్ కాలేజీలో సైకియాట్రీ పీజీలకు కమ్యూనిటీ శిక్షణ నడిపే ప్రొఫెసర్ కావాలి. ఆసుపత్రి గేటు దాటి పీహెచ్‌సీలోనూ, పల్లెలోనూ, రోగి ఇంటి వసారాలోనూ వైద్యం నేర్పగల మనిషి కావాలి. అలాంటివారిని వెతికే కమిటీకి నేను చెప్పబోయేవి మొదట తలతిక్క సలహాల్లా వినిపిస్తాయి. ఫైలు నడిచే తీరుకు అడ్డం పడతాయి. అయినా ప్రతి మాటా నమ్మే చెబుతున్నాను. సాఫీగా జరిగిపోయిన నియామకాలు ఇన్నేళ్లలో ఏం సాధించాయో చూశాకే ఈ మొండితనం వచ్చింది.

జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం 1982లో మొదలైంది. 1985 నుంచి 1990 దాకా నిమ్హాన్స్ వాళ్లు బళ్లారి జిల్లాలో పీహెచ్‌సీ డాక్టర్లకూ సిబ్బందికీ శిక్షణ ఇచ్చి, ఒక జిల్లా మొత్తానికి మానసిక వైద్యం ఎలా అందించవచ్చో చేసి చూపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. మొదట ఎంచుకున్న నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఆ పాత మెదక్ జిల్లాకు కేంద్రమైన సంగారెడ్డిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022లో తెరుచుకుంది. పథకం వచ్చిన పాతికేళ్ల తర్వాత గానీ ప్రభుత్వ వైద్య విద్య అక్కడికి చేరలేదు. ఈలోగా 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ సర్వే, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేల్చింది. జిల్లా కార్యక్రమంపై వచ్చిన సమీక్షల్లో ఖాళీ పోస్టులు, ఖర్చుకాని నిధులు పదేపదే కనిపిస్తాయి. నన్ను అంతకంటే బాధపెట్టేది ఇంకొకటుంది. జిల్లాకు వెళ్లే సైకియాట్రిస్టుకు జిల్లాలో పనిచేయడం ఎవరూ నేర్పలేదు. మూడేళ్ల ఎండీలో వార్డు చూశారు, ఓపీ చూశారు, థీసిస్ రాశారు. తాము రాసిన మందు చీటీ రోగి ఇల్లు చేరాక ఏమవుతుందో చూసే అవకాశం రాలేదు.

2020లో పీజీ వైద్య విద్య నిబంధనలు సవరించి, ప్రతి పీజీ మూడు నెలలు జిల్లా ఆరోగ్య వ్యవస్థలో పనిచేయడం తప్పనిసరి చేశారు. పీజీలు డీఆర్‌పీ అని పిలుచుకునేది దాన్నే. నడిపే గురువు ఉంటే అది గొప్ప అవకాశం. లేకపోతే ఆ మూడు నెలలూ సంతకాల్లో, డ్యూటీల సర్దుబాటులో గడిచిపోతాయి.

ప్రకటన తర్వాత, ముందు మందుల కిటికీ

ఖాళీ వచ్చిందనగానే పాత నోటిఫికేషన్ తీసి, తేదీ మార్చి విడుదల చేయడం ఆనవాయితీ. అర్హతలు, అనుభవం, పబ్లికేషన్లు, రిజర్వేషన్ రోస్టర్ అన్నీ ఉంటాయి. చేయాల్సిన పని గురించి ఒక్క ముక్క ఉండదు. దాన్ని ఆపండి. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యం ఓపీ ఉన్న రోజున కమిటీ సభ్యులంతా మందుల కిటికీ దగ్గర ఒక పూట నిలబడండి. ఎవరు ఏ మండలం నుంచి వచ్చారు? ఎన్ని బస్సులు మారారు? ఇవాళ్టి కూలి ఎంత పోయింది? నెలకు సరిపడా మందులు అడిగితే ఎన్ని రోజులకు ఇచ్చారు? పోయిన నెల ఇచ్చిన బిళ్ల ఈ నెల ఎందుకు మారింది? రోగి రాకుండా అమ్మో అన్నో వచ్చి మందులు పట్టుకెళుతున్న ఇళ్లు ఎన్ని? ఆ తర్వాత ఓపీ రిజిస్టర్ తెరిచి, ఆర్నెల్ల కిందట పేరుండి ఇప్పుడు కనిపించనివాళ్లను చూడండి.

మీ ప్రొఫెసర్ చేయాల్సిన పని అక్కడుంది. ప్రకటన దాన్నిబట్టే రాయండి. వైద్యం మధ్యలో ఆపేసినవారిని పీజీలతో కలిసి వెతికి మళ్లీ వైద్యంలోకి తేవాలి, వారానికి రెండు రోజులు పీహెచ్‌సీల్లో బోధించాలి, ఏఎన్‌ఎంలకూ ఆశాలకూ శిక్షణ ఇవ్వాలి అని స్పష్టంగా పెట్టండి. దరఖాస్తులు తగ్గుతాయి. తగ్గనివ్వండి. వచ్చేవాళ్లు ఏ పనికి వస్తున్నారో తెలిసి వస్తారు.

ప్రొఫెసర్ కంటే ముందు సోషల్ వర్కర్‌ను తీసుకోండి

జిల్లా మానసిక ఆరోగ్య బృందంలో సైకియాట్రిస్టుతో పాటు క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్, సైకియాట్రిక్ నర్సు, కమ్యూనిటీ నర్సు ఉండాలని పథకంలోనే రాసి ఉంది. పెద్ద కుర్చీ నిండితే మిగతావి వాటంతటవే నిండుతాయని కాలేజీలు అనుకుంటాయి. అలా నిండినచోట్లు నాకు పెద్దగా కనిపించలేదు. అందుకే వరస తిరగేయమంటున్నాను. ముందు సోషల్ వర్కర్‌నూ నర్సునూ నియమించండి. ప్రొఫెసర్‌ను ఎంచుకునే బల్ల దగ్గర వాళ్లకూ కుర్చీ వేయండి.

కింది ఉద్యోగి పై అధికారిని ఎంచుకోవడం ఏమిటని అడుగుతారు. పీజీ నేర్చుకోవాల్సిన దాంట్లో పెద్ద భాగం వాళ్ల చేతిలోనే ఉంది కాబట్టి. స్కిజోఫ్రీనియాతో పదేళ్లుగా పని చేసుకోలేకపోతున్న కొడుకు కోసం తల్లి సదరం క్యాంపుకు ఏ రోజు వెళ్లాలి, ఏ కాగితాలు తీసుకెళ్లాలి, అంచనా వేసే డాక్టర్ ముందు ఆ కొడుకు ఆ పది నిమిషాలు మామూలుగా మాట్లాడితే శాతం ఎందుకు పడిపోతుంది, అప్పుడు పెన్షన్ ఏమవుతుంది అన్నవి పాఠ్యపుస్తకంలో దొరకవు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక అనారోగ్యం కూడా ఉందని పీజీకి పరీక్ష కోసం తెలుసు. ఆ హక్కు ఒక ఇంటికి చేరే దారి సోషల్ వర్కర్‌కు తెలుసు. ఆ దారి తెలిసినవారి ముందు తాను విద్యార్థిగా కూర్చోగల ప్రొఫెసర్ ఎవరో పసిగట్టేది కూడా ఆ సోషల్ వర్కరే.

పేపర్లు లెక్కపెట్టకండి

పరిశోధన పత్రాలు అక్కర్లేదని నేను అనను. ప్రమోషన్ నిబంధనలకు కావాల్సినవి ఎలాగూ ఉంటాయి. వాటి సంఖ్యతో అభ్యర్థులకు ర్యాంకులు ఇవ్వొద్దు. దానికి బదులు ఒక కాగితం అడగండి. తమ దగ్గర చదివిన పీజీలు ఇవాళ ఏ ఊళ్లో, ఏ పనిలో ఉన్నారో రాయమనండి. అందరూ నగరంలో కార్పొరేట్ ఆసుపత్రుల్లోనే ఉంటే ఒక సంగతి తెలుస్తుంది. ఇద్దరు ఏరియా ఆసుపత్రుల్లోనూ, ఒకరు జిల్లా కార్యక్రమంలోనూ ఉండి ఇప్పటికీ కష్టమైన కేసుకు ఫోన్ చేస్తున్నారంటే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆ పూర్వ విద్యార్థులకు మీరే ఫోన్ చేయండి. సార్ మంచివారా, మేడమ్ మంచివారా అని అడిగితే అందరూ మంచివారనే అంటారు. మీరు తప్పు చేసిన రోజున వారు ఏం చేశారని అడగండి.

ఇంటర్వ్యూ కాలేజీలో పెట్టకండి

నిబంధనల ప్రకారం కమిటీ ఇంటర్వ్యూ జరగాల్సిందే, జరగనివ్వండి. దానికి ముందు ఒక రోజు మొత్తం అభ్యర్థిని పీహెచ్‌సీకి పంపండి. సెమినార్ హాల్లో స్లైడ్లు వేసి కమ్యూనిటీ సైకియాట్రీ చెప్పడం గట్టున కూర్చోబెట్టి ఈత నేర్పడమే. ఆ స్లైడ్ల అందం చూసి ఎంపిక చేస్తే మీకు దొరికేది కూడా గట్టు గురువే.

ఆ రోజు అభ్యర్థి వెంట రెండో ఏడు పీజీ ఒకరు, ఏఎన్‌ఎం, ఆ ఊరి ఆశా, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్ ఉండాలి. ముందుగా ఒప్పుకున్న కుటుంబం ఇంటికే వెళ్లాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. కాబట్టి పెద్ద బోర్డు అంటించిన జీపును ఆ ఇంటి గుమ్మం దాకా తీసుకెళ్లొద్దు. జీపు ఎక్కడ ఆపాలో అభ్యర్థి తనంతట తానే అడిగితే, ఆ ఒక్క ప్రశ్నకే నేను సగం మార్కులు వేస్తాను.

ఇక చూడాల్సినవి. ముందు ఎవరిని పలకరించారు? వదిన వచ్చి వరసగా చెప్పుకుపోతుంటే, మూలన కూర్చున్న రోగి వైపు ఒక్కసారైనా తిరిగారా? చిన్నవాడైనా, మాసిన బట్టల్లో ఉన్నా మీరు అని మాట్లాడారా? గుండెల్లో దడ, ఒళ్లంతా మంటలు, అరికాళ్లలో తిమ్మిరి, తలలో పురుగు తొలిచినట్టుందని రోగి చెబుతుంటే వినకుండా డిప్రెషనా అని అడ్డుపడ్డారా, లేక ఎప్పటినుంచి, ఏ వేళ ఎక్కువగా ఉంటుందని సాగనిచ్చారా? పీజీ ప్రశ్న అడగబోతుంటే ఆగారా? అన్నిటికన్నా ముఖ్యం, ఇల్లు దాటాక ఆశాను ఏమి అడిగారు?

చాలామంది ఈ చివరి దగ్గరే జారిపోతారు. ఆశాకు అవగాహన కల్పిస్తాం అంటారు. మీకేం తెలుసో చెప్పండి అని అడగరు. పశ్చిమ గోదావరి జిల్లా పల్లెల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన ప్రయత్నంలో ఆశాలే ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, కుంగుబాటుతోనూ ఆందోళనతోనూ బాధపడుతున్నవారిని గుర్తించి పీహెచ్‌సీ డాక్టర్ దాకా చేర్చారు. ఏ కోడలు నాలుగు రోజులుగా వంట చేయలేదో, ఏ ఇంట్లో తలుపు వేసే ఉంటోందో వాళ్లకు తెలుసు. ఆశా మాట వినే ఓపిక లేని ప్రొఫెసర్ దగ్గర పీజీ ఆ ఓపిక నేర్చుకోలేరు.

తిరిగి వచ్చాక ఆ కుటుంబంలో ఒకరినీ, వైద్యంతో కోలుకున్న మరొకరినీ కమిటీలో కూర్చోబెట్టి వాళ్ల అభిప్రాయం అడగండి, రాసుకోండి. మీకు నచ్చిన అభ్యర్థి వాళ్లకు నచ్చకపోతే వాళ్ల మాటే పైచేయి కానివ్వండి.

ఓపీ తక్కువ చూస్తానన్న వారినే తీసుకోండి

ఒక అభ్యర్థి వచ్చి, రోజుకు వంద మందిని చూస్తాను, నాకు అలుపు తెలియదు అంటారు. ఇంకొకరు వచ్చి, కొత్త కేసులు రోజుకు ఆరు కంటే ఎక్కువ ఇవ్వొద్దు, పాత కేసులు సగమే చూస్తాను అంటారు. సూపరింటెండెంట్ గారికి మొదటివారు బంగారం, రెండోవారు బద్ధకస్తులు. రెండోవారినే తీసుకోమని వేడుకుంటున్నాను. నిమిషానికో చీటీ రాసేచోట పీజీ నేర్చుకునేది చీటీ రాయడమే.

నేర్పడం ఎలా ఉంటుందో చూడండి. కొత్త రోగితో పీజీ ముప్పావుగంట మాట్లాడతారు. గురువు పక్కన స్టూలు మీద నోరు విప్పకుండా కూర్చుంటారు. పీజీ దారి తప్పుతున్నారని తెలుస్తుంది. ప్రమాదం లేదు కాబట్టి తప్పనిస్తారు. రోగి వెళ్లాక అడుగుతారు: ఆయన తమ్ముడి మాట వచ్చినప్పుడు నువ్వు మందుల మాటకు వెళ్లిపోయావు, ఎందుకు? ఈ ఒక్క ప్రశ్న అడగడానికి ముప్పావుగంట మౌనం కావాలి. ఆ మౌనం ఓపీ లెక్కల్లో ఎక్కడా పడదు. దానికి కాలేజీ జీతం ఇవ్వాలి.

పీహెచ్‌సీలో చెప్పే పాఠాలూ అలాంటివే. రెంటచింతల లాంటి చోట మే నెల ఎండలో చేలో పనిచేసే మనిషి లిథియం వాడుతున్నాడు. చెమటతో ఒళ్లు ఎండిపోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. ఎంత నీళ్లు తాగాలో, చేతులు వణికినా వాంతులైనా ఎవరికి ఫోన్ చేయాలో, రక్తంలో లిథియం ఎంతుందో చూసే ల్యాబ్ దగ్గర్లో ఎక్కడుందో పీజీ అక్కడే తేల్చాలి. క్లోజాపిన్ మొదలుపెడితే మొదట్లో వారం వారం రక్తకణాల లెక్క కావాలి. ఆ లెక్క కోసం ప్రతి వారం జిల్లా కేంద్రానికి రమ్మంటే రెండో వారానికే మానేస్తారు. మండలంలోని ల్యాబ్‌లో చేయించి రిపోర్టు ఫోన్‌లో తెప్పించుకోవచ్చా? డెకనోయేట్ ఇంజెక్షన్ రావాల్సిన తేదీన రాని మనిషి కోతలకు వలస వెళ్లాడా, జబ్బు తిరగబెట్టిందా? వెళ్లిన ఊళ్లో ఇంజెక్షన్ ఎవరు వేస్తారు? మంచి గురువు ఈ ప్రశ్నలకు జవాబులు తానే చెప్పేయకుండా పీజీని మెడికల్ ఆఫీసర్‌తో, ల్యాబ్ టెక్నీషియన్‌తో మాట్లాడిస్తారు. ఇదంతా గంటలు తినే పని. పీజీ చేతికి మాత్రం పని వస్తుంది.

విజయాలు అడగకండి

ఇంటర్వ్యూలో మీరు సాధించినదేమిటని అడగడం మానేయండి. మీ రోగి ఒకరు ఆత్మహత్య చేసుకున్న మర్నాడు, ఆ కేసు చూస్తున్న పీజీతో మీరేం చేశారని అడగండి.

కఠినమైన ప్రశ్నే. కానీ మనోవైద్యంలో ఎక్కువకాలం ఉన్నవారెవరూ ఈ దుఃఖం దాటకుండా రాలేదు. జవాబులో అన్నీ తెలుస్తాయి. కేస్ షీట్ భద్రంగా ఉందో లేదో చూశానని మాత్రమే చెప్పేవారు ఒక రకం. పీజీని ఆ రోజు ఒంటరిగా ఇంటికి పంపలేదు, డ్యూటీ నేను చేశాను, వారం తర్వాత ఇద్దరం కలిసి ఆ కుటుంబాన్ని పరామర్శించాం, నెల తర్వాత విభాగం మొత్తం కూర్చుని ఎవరినీ నిందించకుండా కేసు మాట్లాడుకున్నాం అని చెప్పేవారు ఇంకో రకం. రెండో రకం మనిషి కింద పీజీలు కష్టమైన రోగిని వదిలించుకోవాలని చూడరు. భయం తగ్గినచోటే పీజీ రోగిని చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగగలుగుతారు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 చట్టంలో 115వ సెక్షన్ చెబుతోంది. ఆ మాట పోలీస్ స్టేషన్‌లో ఎస్సైకి చెప్పి ఒప్పించే ధైర్యం పీజీకి గురువు వెంట వెళ్లడం వల్లే వస్తుంది. 14416 నంబరుకు చేస్తే టెలి మానస్ వాళ్లు రోజంతా పలుకుతారని పీజీ ప్రతి ఇంట్లో చెప్పడం కూడా అలాగే అలవాటవుతుంది.

పీజీల సొంత మనసు సంగతి కూడా ఇక్కడే అడగండి. పీజీ నిద్రపట్టడం లేదని చెప్పుకోగలిగే గురువు కావాలి.

దర్గాతో, గుడితో తగవులాడే వారు వద్దు

హేతువాది అయిన డాక్టర్ మీద మనకు సహజంగానే గౌరవం ఉంటుంది. నాకూ ఉంది. కానీ భూతవైద్యుల మీద యుద్ధం ప్రకటించే వారిని ఈ పనికి తీసుకోకండి. నెల్లూరు జిల్లా ఏఎస్ పేట దర్గాకు మనసు బాగోలేని మనిషిని తీసుకెళ్లే కుటుంబం చాలాసార్లు మీ ఆసుపత్రికి వచ్చే కుటుంబమే. అక్కడికి వెళ్లారని కసిరితే మీకు చెప్పడం మానేస్తారు, వెళ్లడం మానరు. గుజరాత్‌లో ఉనావా గ్రామంలోని మీరా దాతార్ దర్గా దగ్గర, ప్రార్థన చేయించే ముజావర్లే రోగిని పక్కనున్న డాక్టర్ దగ్గరకు పంపే ఏర్పాటు నడిచింది. కుటుంబాన్ని కసరకుండా కలుపుకునే దారి పాతదే: 1950లలో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలో గుడారాలు వేయించి ఉండనిచ్చారు. కుటుంబాన్ని బయట నిలబెట్టడమే క్రమశిక్షణ అనుకునే రోజుల్లో అది కూడా తలతిక్క పనిలాగే కనిపించి ఉంటుంది.

అయితే ఒక గీత ఉంది, అక్కడ మెత్తబడకూడదు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల తప్పించుకోలేక మానసిక రోగులు 28 మంది చనిపోయారు. గొలుసు కనిపించినచోట ఊరుకోకుండా, అదే సమయంలో ఆ తల్లి ఎందుకు కట్టేసిందో కూర్చుని వినగల మనిషి కావాలి. రాత్రిపూట రోడ్డు మీదికి పరుగెత్తే కొడుకును ఆమె ఒక్కతే ఏం చేయగలదు? పీజీకి ఇద్దరి పక్కనా నిలబడడం నేర్పాలి. అభ్యర్థికి ఈ సందర్భం చెప్పి, ఏం చేస్తారని అడగండి. చట్టం సెక్షన్లు చెప్పి ఆగిపోతే సరిపోదు.

లోపాలన్నీ ముందే విప్పి చూపించండి

మంచి అభ్యర్థి దొరికితే కాలేజీ కొత్త బిల్డింగ్, క్వార్టర్స్ చూపించి మురిపిస్తారు. మీరు ఖాళీ పోస్టుల జాబితా, మందులు అయిపోయిన నెలల స్టాక్ రిజిస్టర్, డీజిల్ లేక నిలిచిన బండి చూపించండి. భయపడి వెళ్లిపోయేవారు ఎలాగూ ఏడాదిలో వెళ్లేవారే. ఇండెంట్ ఎవరు పెడతారు, ఏ నెలలో పెడతారు అని అడిగేవారు ఉండిపోతారు.

హాజరు సంగతి మాత్రం మీరే తేల్చాలి. బయోమెట్రిక్ కాలేజీ ఆవరణలో పడితేనే హాజరు అనే పద్ధతిలో, పొద్దున్నే పీహెచ్‌సీకి వెళ్లిన ప్రొఫెసర్ కాగితం మీద గైర్హాజరవుతారు. ఫీల్డు రోజులను డ్యూటీగా పరిగణించే ఉత్తర్వు నియామకానికి ముందే తెప్పించండి. జీతం దగ్గర బేరాలు వద్దు. భార్యకో భర్తకో ఆ ఊళ్లో ఉద్యోగం, పిల్లలకు బడి దొరుకుతాయా అని మీరే ముందుగా కనుక్కోండి.

చేరిన మొదటి మూడు నెలలు వారికి ఓపీ పెట్టకండి. జిల్లా తిరగనివ్వండి. ఆ తిరుగుడులో ఒక అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి రోజు నుంచే వెంట ఉండాలి. ప్రభుత్వ కాలేజీలో బదిలీ ఎప్పుడైనా వస్తుంది. ఒక మనిషి మీద ఆధారపడ్డ శిక్షణ ఆ బదిలీతోనే ఆగిపోతుంది. ప్రతి మండలంలో మెడికల్ ఆఫీసర్ ఎవరు, ఏ ఏఎన్‌ఎం ఇంజెక్షన్ తేదీలు గుర్తుపెట్టుకుంటారు, ఏ సర్పంచ్ మాట ఊళ్లో చెల్లుతుంది అన్న వివరాలు ప్రొఫెసర్ సొంత ఫోన్‌లో కాకుండా విభాగం రిజిస్టర్‌లో ఉండాలని, నెలనెలా అసిస్టెంట్ ప్రొఫెసర్ దాన్ని సరిచూడాలని నియామక ఉత్తర్వులోనే ఒక వాక్యం రాయించండి.